బోర్లా పెట్టిన రొట్టెలు

మా తిందారత్త ఇల్దాని "బంగారం" అని పిలిచిన రోజు నుంచి, ఆ పిల్ల చేసిన రోల్ నాకు గొంతు దిగడం మానేసింది.

నన్ను అత్త ఎప్పుడూ బంగారం అనలేదు. "ఇంజనీరమ్మా" అంటుంది. అదైనా కాఫీ మెషిను మొరాయించినప్పుడే.

అత్త అంటే మా నాన్నకి అక్క. రేవుకి వెళ్ళే వీధి మలుపులో లొ ప్రెస్తి బేకరీ ఆవిడదే. ముందు సగం సలామీలు వేలాడే కొట్టు, వెనక సగం పొయ్యి. మా తాత సిసిలీ నుంచి ఓ వలా, ఓ తమ్ముడూ వెంటబెట్టుకుని ఆస్ట్రేలియాలో ఈ పడమటి తీరానికొచ్చి పడితే, మా నాయనమ్మ పొయ్యి కట్టించుకుని ఆ ఇద్దరికీ తిండి పెట్టింది. అప్పటినుంచీ మా ఊళ్ళో ఏ పడవ బయల్దేరినా అందులో మా కొట్టు రోల్స్ ఉంటాయి. గట్టి రొట్టె కోసి, మోర్తదెల్లా, సలామీ లాంటి పందిమాంసపు ముక్కలు, చీజు, ఊరబెట్టిన వంకాయ కుక్కి, తెల్ల కాగితంలో చుట్టి ఇస్తాం. తడిచేతులతో తిన్నా విడిపోకూడదు. అదే పరీక్ష.

నేను పెర్త్‌లో ఓ గనుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. డ్రైవర్ లేని లారీలకి ఎక్కడ మలుపు తిరగాలో చెప్పే పని. లారీలు చెప్పిన మాట వినేవి, మనుషులే వినేవాళ్ళు కాదు. విసుగొచ్చి మానేసి మా ఊరొచ్చేశాను. అత్తకి పిల్లల్లేరు. ఈ కొట్టు ఎప్పటికైనా నాదేనని ఎవరూ పైకి అనలేదు గానీ, నేను లోపల చాలాసార్లు అనుకున్నాను. పడవలవాళ్ళు ఫోన్లోనే రోల్స్ చెప్పుకునే ఏర్పాటు చేసిపెట్టాను. "ఈ ఫోను గోలేంటే" అంది అత్త. ఆ తర్వాత నెలకే, వరసలో నిలబడేవాళ్ళు లేక కబుర్లు కరువయ్యాయని నన్నే తిట్టింది.

ఇల్దా అప్పుడే మా కొట్లో పనికొచ్చింది. వాళ్ళది మదైరా దీవి. అంటే పోర్చుగీసువాళ్ళు, మావాళ్ళు కారు. వాళ్ళన్న దువార్తే మా ఊరి కెప్టెన్ కలోజెరో పడవ 'మరియెట్టా'లో పనిచేస్తాడు. ఇల్దాకి నా వయసే ఉంటుంది. ఎక్కువ మాట్లాడదు. మోర్తదెల్లా కోస్తే కాగితంలా వస్తుంది. ఓ రోజు అత్త ఆ ముక్కని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "చూడవే మిరెల్లా, ఇందులోంచి అవతల చర్చి గంట కనబడుతోంది" అంది. నాకేం కనబడలేదు. అత్త మొహంలో మురిపెం ఒక్కటే కనబడింది. పైగా ఆ పిల్ల అత్తని "తిందారమ్మా" అంటుంది. నేను ఇన్నేళ్ళు అత్తా అని పిలిచి ఏం సాధించానో.

ఇదంతా నేను ఓర్చుకునేదాన్నే. పడవ రొట్టెల బ్లేడు లేకపోతే.

మా దగ్గర క్రేల వేట మొదలయ్యే రోజున, అంటే ఆ ఎర్ర లాబ్‌స్టర్ల సీజను మొదటి రోజున, ప్రతి పడవకీ కొట్టునుంచి ఓ గుండ్రటి రొట్టె వెళ్తుంది. అది తినడానికి కాదు. కెప్టెన్ గదిలో సంచిలో వేలాడదీస్తారు. సీజనంతా అక్కడే ఎండుతుంది. సముద్రం రేగినప్పుడు అందులోంచి చిన్న తునక విరిచి నీళ్ళలో వేస్తారు. ప్రతి పడవకీ ఓ గుర్తుంది: నక్షత్రం, నిచ్చెన, చేపముల్లు, ఇలా. రొట్టె కాల్చే ముందు ఆ గుర్తుని బ్లేడుతో పిండి మీద గీస్తారు. చిన్న కర్రకి తొడిగిన మామూలు బ్లేడే, కానీ ఆ కర్ర మా నాయనమ్మది. గీసిన చేతికి, సాయంత్రం ప్రతి పడవా పట్టిన మొదటి క్రే ఇచ్చి తీరాలి. ఊళ్ళో అంతకి మించిన మర్యాద ఆడవాళ్ళకి ఇంకోటి లేదు. పెళ్ళి కూడా దాని తర్వాతే.

దానికి రెండు షరతులు. గీసేమనిషికి ఆ రోజు నీళ్ళమీద సొంతమనిషి ఒకరు ఉండాలి. అలాగని ఆ సొంతమనిషి పడవ రొట్టె మటుకు తను ముట్టుకోకూడదు. అది వేరొకరి చేత్తో గీయించాలి. నలభై ఏళ్ళుగా ఊరి పడవలన్నిటికీ అత్తే గీసింది. అత్త మొగుడు బసీలియో మామయ్య పడవకి మటుకు మా అమ్మ గీసేది. ఆ తర్వాత నాన్న సముద్రం వదిలి చేపల లారీ ఎక్కాడు. పోయిన చలికాలం మోకాళ్ళ మూలాన మామయ్య కూడా పడవ అమ్మేశాడు. దాంతో అత్తకి నీళ్ళమీద ఎవరూ లేకుండా పోయారు.

ఇక వంతు నాదేననుకున్నాను. షరతు సంగతి తెలీక కాదు. నాకోసం అత్త దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తుందనుకున్నాను.

సీజనుకి వారం ముందు అత్త బ్లేడు తీసి, తుడిచి, ఇల్దా ముందు పెట్టింది. నేను బల్లకి ఇవతలే ఉన్నాను, కనబడేంత దగ్గర్లో.

"అత్తా, అది మన నాయనమ్మది" అన్నాను.

"నాకు తెలీదా? మా అమ్మేగా."

"మరి బయటివాళ్ళకి..."

"నీళ్ళమీద నీకెవరున్నారే?" అంది అత్త. కోపంగా కాదు, ఉప్పు ఉందా అని అడిగినట్టు.

ఎవరున్నారని చెప్పను? మా తమ్ముడు పింగాణీ పలకలు అమ్ముతాడు. స్నానాల తొట్టిలో నీళ్ళు చూసినా వాడికి కడుపులో తిప్పుతుంది.

"నాన్న లారీ ఉంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఇల్దా తల దించుకుని బ్లేడు వైపే చూస్తోంది. పొగరనుకున్నాను.

నాకంటూ ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని లేబుళ్ళ పని పట్టుకున్నాను. పోయినేడు రెండు రొట్టెలు తారుమారై, ఇద్దరు కెప్టెన్లు క్రిస్మస్ దాకా మాట్లాడుకోలేదు. ఈసారి ప్రతి రొట్టెకీ పడవ పేరుతో లేబులు అంటించి, ఫోనుతో చూసి సరిపోల్చుకుని పంపుదామన్నాను. అత్త భుజాలెగరేసింది. మా అత్త విషయంలో అది ఒప్పుకోవడమే.

పైన గుర్తు ఉంటుంది కాబట్టి లేబులు అడుగునే అంటించాలి. అడుగున అంటించాలంటే రొట్టె బోర్లా తిప్పాలి. ఇక్కడే ఉంది అసలు సంగతి. మా ఇళ్ళలో రొట్టెని బోర్లా పెడితే చేతిమీద దెబ్బ పడుతుంది. బోర్లా ఉన్న రొట్టె బోర్లా పడ్డ పడవ. నడక రాకముందే మాకు అది తెలుస్తుంది. నేను మాత్రం, ఇది పెట్టడం కాదు, డాక్టరు వీపు చూడ్డానికి చొక్కా ఎత్తించడం లాంటిదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు నిమిషాలు, జిగురు ఆరగానే తిప్పేస్తాను.

సీజను ముందురోజు మధ్యాహ్నం రొట్టెలు పొయ్యిలోంచి వచ్చాయి. నిజం చెప్పాలంటే ఇల్దా గీతలు బాగున్నాయి. చేపముల్లయితే మరీనూ. ఎక్కడైనా వంకర దొరుకుతుందేమోనని ఒక్కో రొట్టె వెతికాను. దొరకలేదు. అన్నిటినీ పెట్టెల్లో బోర్లా పేర్చి, లేబుళ్ళు అంటించి, ఒక్కొక్కటీ ఫోనుతో చూసుకుని, నిండిన పెట్టె మీద గుడ్డ కప్పుతూ వస్తున్నాను. అప్పుడే పొయ్యిగదిలోంచి అత్త నవ్వు వినబడింది.

అత్త మామూలుగా నవ్వదు, దగ్గుతుంది. ఇది నిజం నవ్వు. వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఇద్దరూ తలలు ఆనించుకుని పిండి బల్ల మీదికి వంగి ఉన్నారు. ఇల్దా ఏదో గుసగుసగా అడుగుతోంది. అత్త కుదరదన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత పిండి చేత్తోనే ఆ పిల్ల బుగ్గ నిమిరింది. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

పెరట్లోకి పోయి, ఎవరూ అడక్కపోయినా మామయ్య వ్యాను కడగడం మొదలుపెట్టాను. అద్దాలు తోముతూ, ఆ పిల్ల నాగురించి ఏమని ఉంటుందో ఓ పది రకాలుగా ఊహించుకున్నాను. ప్రతిదాంట్లోనూ నాకంటే ఆ పిల్లే బాగా మాట్లాడింది. ఈలోగా మామయ్య కుంటుకుంటూ వచ్చి, గుడ్డలు కప్పి ఉన్న పెట్టెలకి తాళ్ళు కట్టి, నేను కడుగుతున్న వ్యాన్లోనే వెనకనుంచి ఎక్కించేశాడు. నేను లోపలికొచ్చేసరికి బల్ల ఖాళీ. ఓ పని తప్పిందనుకున్నాను. రొట్టెలు మళ్ళీ తిప్పలేదన్న సంగతి గుర్తుకు రావాల్సిన చోట ఇల్దా బుగ్గ ఉంది.

తెల్లారుతుండగా ఊరంతా రేవులో ఉంది. ఫాదరు మంత్రజలం చల్లి వెళ్ళాడు. అత్త అలవాటు ప్రకారం మొదటి పెట్టె తాడు విప్పి గుడ్డ తీసింది.

రొట్టెల అడుగులు. ఒక్కోదాని మీద నేను అంటించిన లేబులు, దాని మీద స్పష్టంగా పడవ పేరు. ఏది ఎవరి పడవో అనుమానం కూడా లేకుండా.

రెండో పెట్టె తీశారు, మూడోది తీశారు. అన్నీ అంతే. కలోజెరో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అరవై దాటినవాడు, అత్తని చిన్నప్పటినుంచీ అక్కా అంటాడు.

"తిందారక్కా, ఊరి పడవలన్నీ పెట్టెల్లోనే ముంచేశావు" అన్నాడు.

ఆ పడవల్లో సముద్రం అడుగు చూపించే తెరలున్నాయి, ఉపగ్రహాలతో మాట్లాడే డబ్బాలున్నాయి, రెండుమూడు రకాల బీమాలున్నాయి. ఎవరూ ఒక్క ఇంజను స్టార్టు చెయ్యలేదు. మెడనిండా పచ్చబొట్లున్న కుర్రాళ్ళు కూడా సంచులు కింద పెట్టి నిలబడ్డారు. ఇదంతా ఛాందసమని ఒకడు గొణిగాడని తర్వాత విన్నాను. వాడు కూడా పడవెక్కలేదట.

అత్త నావైపు తిరిగింది. తిట్టుంటే బాగుండేది. నా ఫోను వైపు చూసి, నన్ను చూసి, మళ్ళీ పెట్టెల వైపు తిరిగింది.

కింద పడ్డ రొట్టెని తీసి ముద్దుపెట్టుకుంటే దోషం పోతుందని మాకో పద్ధతుంది. దీనికీ అదే మందని పెద్దవాళ్ళు తేల్చారు. గీసిన చెయ్యే తిప్పాలి, గీసిన మనిషే ముద్దుపెట్టాలి. అంటే ఇల్దా. పెట్టె మొయ్యడానికి మాత్రం నేను.

ఒక్కో పడవ దగ్గరికీ వెళ్ళాం. ఆ పిల్ల రొట్టె తీసి, వెల్లకిలా తిప్పి, ముద్దుపెట్టి, కెప్టెన్ చేతికిస్తోంది. వాళ్ళు టోపీలు తీసి తీసుకుంటున్నారు. నీ చెయ్యి చల్లగుండాలని ఒకాయన, మా తల్లివని ఇంకొకాయన. నా పేరు పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్ళు వీళ్ళంతా. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. పెట్టె తేలికవుతున్నకొద్దీ నాకు బరువెక్కుతోంది. ఆ పిల్ల ఒక్కసారైనా గర్వంగా చూస్తే బాగుండును, హాయిగా తిట్టుకోవచ్చు. చూడలేదు. పెదాల నిండా పిండి, కళ్ళలో నిద్ర, అంతే.

చివరికి ఒక్క రొట్టె మిగిలింది. 'మరియెట్టా'ది. అడుగున లేబులుంది, ఎత్తి చూస్తే పైన మాత్రం ఏ గీతా లేదు, నున్నగా ఉంది. నిన్న నేను చూసుకోలేదు. నేను చూసిందంతా వంకర గీతల కోసం కదా.

ఇల్దా దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది మా అన్న పడవది. నేను గీయకూడదని అలాగే కాల్చేశాం. ఇది నువ్వే గీయాలి" అంది నాతో.

"నేనా?"

"నిన్న అదే అడిగాను తిందారమ్మని, మిరెల్లాతో గీయిద్దామని. కుదరదంది. కాల్చినాక రొట్టె మీద గీయడమేంటని నవ్వింది కూడా. ఇప్పుడు చూడు, గీయక తప్పదు."

అత్త అడ్డొచ్చింది. "నేను వద్దన్నది దానికి కాదు. దీనికి నీళ్ళమీద ఎవరూ లేరు."

"ఉన్నాడు" అంది ఇల్దా. "దువార్తేని ఇవాళ్టికి దీనికిచ్చేశాను. సాయంత్రం వెనక్కి తీసుకుంటాను."

"నన్నెవరూ అడగరా?" అన్నాడు పడవమీంచి దువార్తే.

"నువ్వు నోరు ముయ్యి" అంది చెల్లెలు.

ఎవరో నవ్వారు. కలోజెరో అత్త వైపు చూశాడు. మనుషుల్ని అరువిచ్చుకోకూడదని ఏ షరతులోనూ లేదు. ఎవరికీ తట్టక పెట్టలేదంతే. అత్త ఓసారి సముద్రం వైపు చూసింది. తర్వాత ఏప్రన్ జేబులోంచి మా నాయనమ్మ బ్లేడు తీసి నా చేతిలో పెట్టింది.

"గీయి, ఇంజనీరమ్మా."

'మరియెట్టా' గుర్తు మూడు అలలు, ఒకదాని మీద ఒకటి. పచ్చిపిండి మీదైతే బ్లేడు జారుతుంది. కాలిన రొట్టె మీద గోకాలి. నేను గోకింది చివరికి వైఫై గుర్తులా తేలింది. దానికే ముద్దుపెట్టి, దువార్తేకి అందించాను. అతన్ని సరిగ్గా చూడ్డం అదే మొదటిసారి. ముక్కుమీద తెల్లటి ఎండ క్రీము, రెండ్రోజుల గడ్డం. కుడికాలి బూటు లేసు ఊడి ఉంది. చెబుదామనుకునేలోపు ఇంజన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

ఆ లేసు నన్ను ఆ రోజంతా తినేసింది.

క్రేలు పట్టే బోనులకి కట్టిన తాళ్ళు ఎలా పరిగెడతాయో చిన్నప్పుడు నాన్న పడవలో చూశాను. పడవ అంచున చుట్టలు చుట్టలుగా ఉంటాయి. కాలు అందులో పడితే మనిషి బోనుతోపాటు కిందికి పోతాడు. కొట్లో ఫోను పట్టుకుని, పడవలెక్కడున్నాయో చూపించే మ్యాపులో 'మరియెట్టా' చుక్కనే చూస్తూ కూర్చున్నాను. చుక్క కదిలితే ఓ భయం, ఆగితే ఇంకో భయం.

"ఆగిపోయింది" అన్నాను ఓసారి, ఇల్దాకి ఫోను చూపిస్తూ.

"బోను లాగుతున్నారు. ఆగక ఎలా లాగుతారు?" అంది తను, సలామీ కోస్తూనే.

"ఇందాకట్నుంచీ అక్కడే ఉంది."

"క్రేలు ఎక్కువున్నాయేమో."

మధ్యాహ్నం గాలి తిరిగింది. వీధిలో మా బోర్డు ఊగడం మొదలైంది. ఇల్దా ఓసారి కిటికీలోంచి చూసి మళ్ళీ పనిలో పడింది. తనకి ఇది ఎన్నో ఏళ్ళ అలవాటు, నాకు ఒక్క పూటది. అంత నిబ్బరంగా సలామీ కోయగలుగుతున్నందుకు కూడా తన మీద కుళ్ళొచ్చింది. నాకో రోల్ చేసి ముందుపెట్టింది. మొదటిసారి ఆ పిల్ల మీద కోపం లేకుండానే గొంతు దిగలేదు.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. నా ఫోన్లోకి తొంగిచూసి, ఆ చుక్కేనా అని అడిగింది. అవునన్నాను.

"మామయ్య పడవ అమ్మినప్పుడు అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. ఇక నిశ్చింతగా ఉంటావన్నారు" అంది మెల్లిగా. "ఇప్పుడాయన ఇంట్లో కుర్చీలో కూర్చుని పోటీ వంటలు చూస్తున్నాడు. నేనిక్కడ మీ ఇద్దర్నీ చూసి ఏడుస్తున్నాను."

ఏడుస్తున్నానంటే కన్నీళ్ళు పెట్టుకుని కాదు. నేను నెలరోజులుగా ఏడుస్తున్నానే, ఆ ఏడుపు. రోల్ సగం విరిచి ఇచ్చాను. తినేసింది.

సాయంత్రం మొదటి పడవ రేవు మలుపు తిరిగిందని ఫోన్లో కనబడగానే ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తాను. నా వెనక ఇల్దా బకెట్టు పట్టుకుని తాపీగా నడుచుకుంటూ వచ్చింది. పడవలు వరసగా వస్తున్నాయి. ఒక్కో కెప్టెనూ మొదటి క్రేని ఇల్దా బకెట్లో వేసి పోతున్నాడు. ఎర్రగా, మీసాలు ఆడించుకుంటూ బకెట్టు నిండిపోయింది. పొద్దున్నయితే ఆ బకెట్టు చూసి గుండె పగిలేది. ఇప్పుడు నేను బకెట్టు వైపు చూడ్డం లేదు.

'మరియెట్టా' దాదాపు చివర్లో వచ్చింది. దువార్తే ముందు భాగాన నిలబడి తాడు విసిరాడు. రెండు కాళ్ళూ ఉన్నాయి. లేసు ఇంకా ఊడే ఉంది.

అతను పెట్టెలోంచి ఓ క్రేని తీశాడు. మీసాలు రెండూ చెక్కుచెదరలేదు, మోచేయంత ఉంది. అలవాటు కొద్దీ చెల్లెలి వైపు చాచాడు. కలోజెరో అతని భుజం పట్టుకుని తిప్పి, "అటు కాదురా, ఇటు" అన్నాడు. క్రే నా చేతుల్లోకి వచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. తోకతో ఒక్కటి కొట్టింది.

ఇల్దా పక్కనే నిలబడి చూస్తోంది. చేతిలో నిండు బకెట్టు.

"పెద్దదే" అంది.

"ఊఁ."

"నేనీ ఊరొచ్చిన దగ్గర్నుంచి వాడు నాకు ఇంత పెద్దది ఎప్పుడూ ఇవ్వలేదు."

గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ మొహం నాకు బాగా తెలుసు. నెలరోజులుగా రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూస్తున్నదే.

బ్లేడు ఇంకా నా ఏప్రన్ జేబులోనే ఉంది. అత్త వెనక్కి అడగలేదు. ఇల్దా చూపు రెండుసార్లు ఆ జేబు దాకా వెళ్ళొచ్చింది.

"సాయంత్రమైంది. మా అన్నని నాకిచ్చెయ్" అంది.

"ఇస్తాలే" అన్నాను. "ముందు ఆ లేసు కట్టుకోమను."